దైవగృహానికి ఎవరి సొమ్ము?

మన్ననూరు దగ్గర అటవీశాఖ వారు రాత్రి తొమ్మిదింటికి గేటు వేస్తారు. మళ్లీ ఉదయం ఆరింటికి గానీ తీయరు. నల్లమలలో రాత్రివేళ దారి జంతువులది, మనుషులది కాదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వైపు పోయే బండి ఆలస్యమైతే ఆ రాత్రికి అక్కడే మజిలీ. ఒక చలికాలం నేనూ అలాగే ఆగిపోయాను. ఫజ్ర్ నమాజు ముగించుకుని టీ బండి దగ్గరికి వెళ్లేసరికి, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక పెద్దమనిషి మంట కాగుతున్నాడు. తాపీ మేస్త్రీ. దోమలపెంటలో బంధువుల ఇంట పెళ్లికి పోతున్నాడు. ఆయన తండ్రి శ్రీశైలం డ్యాం కట్టినన్నాళ్లూ అక్కడే రాళ్లు మోశాడట. ఆయన మాత్రం నగరాలన్నీ తిరిగాడు. 'పాలమూరు లేబర్' అని దేశమంతా పిలిచే ఆ లక్షలాది మందిలో ఒకడు.

నా టోపీ చూసి, కాసేపు అదీ ఇదీ మాట్లాడి, ఉన్నట్టుండి అడిగాడు.

"సారూ, మీరు చదువుకున్నోళ్లు, ఒక్క ముచ్చట చెప్పండ్రి. నేను మసీదుకు పనిచేసిన, గుడికి చేసిన, చర్చికి బండలు ఏసిన. మూడు కాడల్నూ నాకు కూలి బాకీ ఉన్నది. అడిగితే దేవుని పని గదా, పుణ్యమొస్తది పో అన్నరు. కూలి ఎగ్గొట్టి కట్టిన ఇంట్ల దేవుడు ఉంటడా?"

నేను వెంటనే సంకల్పం గురించీ, అల్లాహ్ హృదయాలను చూస్తాడన్న విషయం గురించీ ఏదో చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. కానీ అది ఆయన ప్రశ్నకు జవాబు కాదని చెబుతున్నప్పుడే నాకు తెలుస్తూనే ఉంది. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకునే ప్రయత్నం.

మెదక్ చర్చి మాట

మన రాష్ట్రంలో ఈ ప్రశ్నను రాతిలో చూడాలంటే మెదక్ వెళ్లాలి. అక్కడి చర్చి 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరుచుకుంది. సుమారు వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల శిఖరం. దాన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ 19వ శతాబ్ది చివర్లో ఇంగ్లండు నుంచి ఈ ప్రాంతానికి వచ్చాడు. అవి ప్రపంచయుద్ధపు రోజులు, కరువు రోజులు. ఊరికే గింజలు పంచే బదులు పని కల్పించి తిండి పెట్టాలని ఆయన తలచాడనీ, చుట్టుపక్కల పల్లెల జనం పదేళ్లపాటు ఆ పనితోనే ప్రాణాలు నిలుపుకున్నారనీ మెదక్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

లఖ్‌నవూలో బడా ఇమాంబాడా గురించీ దాదాపు ఇదే కథ వింటాం. 1784 నాటి కరువులో నవాబు ఆసఫుద్దౌలా దాన్ని మొదలుపెట్టాడు. పగలు కట్టిన గోడను రాత్రి కూల్చడానికి చితికిపోయిన పెద్ద కుటుంబాల వారిని పిలిచేవారట. చీకట్లో అయితే వారి ముఖాలు ఎవరికీ కనబడవని. నిజమెంతో గానీ, కథలోని మర్యాద బాగుంది.

అయితే ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆకలిగొన్నవాడికి పని ఇచ్చి అన్నం పెట్టడం మేలే, సందేహం లేదు. కానీ ఆ ఆకలిగొన్నవాడికి 'నేను ఈ కట్టడం కట్టను' అనే స్వేచ్ఛ ఉందా? అతను మోసిన రాయి అతని ఆరాధనలో భాగమా, లేక అతని ఆకలిలో భాగమా? మెదక్ చర్చిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. తాజ్‌మహల్‌నూ, మన మక్కా మస్జిద్‌నూ, వేయిస్తంభాల గుడినీ ఇదే ప్రశ్న అడగవచ్చు. కట్టించినవారి పేర్లు మనకు కంఠతా వచ్చు. కట్టినవారిలో ఒక్కరి పేరైనా చెప్పగలమా?

మెదక్ చర్చి లోపల తలెత్తి చూస్తే మొనదేలిన కమాన్లు కనిపిస్తాయి. అది మధ్యయుగపు ఐరోపా చర్చిల తీరు. పాస్నెట్ దేశీయులు ఏడెనిమిది వందల ఏళ్ల క్రితం నేర్చుకుని కొనసాగించిన విద్య. అలాంటి కమాన్లు కైరోలోని ఇబ్న్ తులూన్ మస్జిదులో 879 నాటికే ఉన్నాయి, మన చార్మినార్‌కూ 1591లో అవే పెట్టారు. విద్య ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో ఎవరూ కంచె వేయలేరు. కానీ మేస్త్రీ అడిగిన ప్రశ్న కూడా ఆ కమాన్లతో పాటే ఐరోపాలో పుట్టి పెరిగింది. వారు దాన్ని మనకంటే బిగ్గరగా చర్చించుకున్నారు. అందుకే అటు వెళ్లి రావలసి వస్తోంది.

బంగారు గోడలు

12వ శతాబ్దిలో ఫ్రాన్సులో ఇద్దరు మఠాధిపతులు ఉండేవారు. ఒకరు బెర్నార్డ్. నిరాడంబరుడు, పస్తులతో శరీరాన్ని కృశింపజేసుకున్న మనిషి. 1125 ప్రాంతంలో ఆయన ఒక లేఖాగ్రంథం రాసి, చర్చిల ఆడంబరాన్ని ఎండగట్టాడు. అంత ఎత్తు ఎందుకు, అంత పొడవు ఎందుకు, బీదలు బట్టలేక ఉంటే రాళ్లకు బంగారు తొడుగు ఎందుకు అన్నది ఆయన ఆరోపణ సారాంశం. రెండోవాడు పారిస్ దగ్గర సెయింట్ డెనిస్ మఠాధిపతి సూజే. 1144లో ఆయన ప్రారంభించిన కొత్త నిర్మాణంతోనే ఆ మొనదేలిన కమాన్ల, రంగుటద్దాల శైలికి ఆరంభమని చరిత్రకారులు చెబుతారు. సామాన్యుడి మనసు కంటికి కనిపించే వెలుగు మీదుగానే కనిపించని వెలుగు వైపు వెళ్తుందని ఆయన వాదం. ఆ వాదంలో బలం ఉంది. అయితే ఆయన తన పేరును ఆ భవనంలో చాలాచోట్ల చెక్కించుకున్నాడు కూడా!

ఈ తగవు మనకు కొత్తదేమీ కాదు. దైవప్రవక్త (స) మస్జిదు పచ్చి ఇటుకలతో, ఖర్జూర మానులతో, మట్టలతో కట్టినది. హజ్రత్ ఉమర్ (రజి) దాన్ని విస్తరించినప్పుడు అదే తీరు ఉంచారు. జనాన్ని వాన నుంచి కాపాడితే చాలు, ఎరుపు పసుపు రంగులు పూసి వారిని పరీక్షలో పడవేయవద్దని పనివారిని హెచ్చరించారు. తర్వాత హజ్రత్ ఉస్మాన్ (రజి) చెక్కిన రాళ్లతో, టేకు కప్పుతో దాన్ని మళ్లీ కట్టించినప్పుడు జనం గొణిగారు. అల్లాహ్ కోసం మస్జిదు కట్టినవానికి స్వర్గంలో లభించే ప్రతిఫలం గురించి తాను ప్రవక్త (స) నోట విన్నది ఆయన వారికి గుర్తుచేశారు. ఇద్దరూ సత్యవంతులైన ఖలీఫాలే. ఇద్దరిలో ఎవరిదో ఒకరిది తప్పని తేల్చే అర్హత మనకు లేదు. కాబట్టి మస్జిదు సాదాగా ఉండాలా, అందంగా ఉండాలా అన్నది అసలు ప్రశ్న కాదేమో అనిపిస్తుంది.

బెర్నార్డ్ ఎక్కువగా గురిపెట్టినది క్లూనీ మఠపు పద్ధతుల మీద. 1088లో మొదలైన క్లూనీ చర్చి ఆనాటి క్రైస్తవ ప్రపంచంలో అన్నింటికంటే పెద్దది. అంత డబ్బు ఎక్కడిది? అందులో పెద్ద వాటా స్పెయిన్ క్రైస్తవ రాజులది. ఫెర్నాండో రాజు ఏటా వెయ్యి బంగారు నాణేలు ఇస్తానని మాటిచ్చాడు. ఆయన కొడుకు ఆరో అల్ఫొన్సో దాన్ని రెండు వేలు చేశాడు. ఆ రాజుల బొక్కసం నింపినది మరెవరో కాదు, అందలూసియాలోని ముస్లిం చిన్న రాజ్యాలు. తమలో తాము కొట్లాడుకుంటూ, దండయాత్ర రాకుండా ఏటేటా బంగారు కప్పం కట్టినవి అవే. వాటి ప్రభువులు ఆ కప్పాన్ని ఎక్కడి నుంచి తెచ్చారు? పన్నుల రూపంలో సెవిల్లా, గ్రనడా, టొలేడో ప్రాంతాల రైతుల నుంచీ వర్తకుల నుంచీ. అంటే ఒక ముస్లిం రైతు చెమట ఫ్రాన్సులో చర్చి స్తంభమై నిలబడింది. ఆ రైతుకు ఆ విషయం తెలియదు. ఆ చర్చిలో మోకరిల్లినవారికీ తెలియదు.

ఇక్కడితో ఆపితే కథ సులువుగా ఉండేది. ఆడంబరపు క్లూనీ చెడ్డది, నిరాడంబరుడైన బెర్నార్డ్ మంచివాడు అని చెప్పి ముగించవచ్చు. కానీ 1142లో క్లూనీ మఠాధిపతి పీటర్, స్పెయిన్ రాజు నుంచి బకాయిపడ్డ ఆ బంగారం సంగతి తేల్చుకోవడానికి కూడా కలిసొస్తుందని అక్కడికి వెళ్లాడు. వెళ్లినవాడు అరబీ తెలిసిన పండితులను డబ్బిచ్చి నియమించి, దివ్యఖుర్ఆన్‌ను లాటిన్‌లోకి అనువదింపజేశాడు. కెట్టన్ ఊరి రాబర్ట్ అనే ఆంగ్లేయుడు 1143లో ఆ పని పూర్తిచేశాడు. అది ఖుర్ఆన్‌కు తొలి లాటిన్ అనువాదం. ఉద్దేశం ఖండించడమే, దాని పేరు కూడా మనకు రుచించేది కాదు. అయినా ముస్లిములను కత్తితో కాక మాటతో ఎదుర్కోవాలని పీటర్ అనుకున్నాడు. శత్రువు ఏమి నమ్ముతాడో ముందు చదివి తెలుసుకోవాలని అనుకున్న మనిషి ఆ కాలంలో అరుదు. ఆ పండితుల్లోనే ఒకడైన హెర్మన్, టాలెమీ ఖగోళగ్రంథం ఒకదాన్ని అరబీ నుంచి అనువదించి షార్త్ర్ పట్టణపు చర్చి పాఠశాల గురువు తియరీకి అంకితమిచ్చాడు. ఆ షార్త్ర్ చర్చి పడమటి వాకిలి మీద ప్రవక్తలతో పాటు వ్యాకరణం, గణితం, సంగీతం వంటి విద్యల బొమ్మలు కూడా చెక్కారు. టొలేడోలో కూర్చుని క్రెమోనా వాసి జెరార్డ్ ఇబ్న్ సీనా వైద్యగ్రంథంతో సహా డెబ్భైకి పైగా పుస్తకాలను అరబీ నుంచి లాటిన్‌లోకి మార్చినదీ ఆ శతాబ్దంలోనే.

మరి నిరాడంబరుడైన బెర్నార్డ్? 1146లో రెండో సిలువ యుద్ధానికి జనాన్ని ఉసిగొల్పిన ప్రధాన వక్త ఆయనే. సాదా గోడల మధ్య ప్రార్థించినవాడు యుద్ధానికి పిలిచాడు. కప్పపు బంగారంతో వెలిగిన మఠం పుస్తకం తెరిచింది. చరిత్ర మన సౌకర్యం కోసం మంచిచెడ్డలను వేరువేరు గదుల్లో పెట్టదు.

వడ్డీ వ్యాపారి తౌబా

అయితే దేవుని ఇంటికి ఏ సొమ్మయినా ఒకటేనా? ఈ ప్రశ్నకు నేను చదివినవాటిలో సూటిగా తగిలిన జవాబు పారిస్‌దే.

పారిస్‌లో నోత్ర్‌దామ్ చర్చి 1163లో మొదలైంది. కట్టిస్తున్నవాడు బిషప్పు మోరీస్. అదే నగరంలో, అదే చర్చిలో పీటర్ అనే మరో ధర్మవేత్త ఉండేవాడు (క్లూనీ పీటర్ కాదు, ఆ కాలంలో వీధికో పీటర్). దగ్గరలోనే పునాదులు లేస్తుంటే ఆయన మాత్రం వడ్డీ సొమ్ముతో, అత్యాశతో లేచే చర్చిలను తిట్టిపోస్తూ రాసేవాడు. 13వ శతాబ్ది తొలినాళ్లలో సిజేరియస్ అనే జర్మన్ సన్యాసి ఒక ఉదంతం రాసిపెట్టాడు. తియోబాల్డ్ అనే పెద్ద వడ్డీ వ్యాపారికి పరలోక భయం పట్టుకుంది. బిషప్పు దగ్గరికి వెళ్లి ఏం చేయమంటారని అడిగాడు. కొత్త చర్చి మీదే ధ్యాస ఉన్న బిషప్పు, నీ సొమ్మంతా ఈ నిర్మాణానికి ఇచ్చేయమన్నాడు. వ్యాపారికి ఎందుకో మనసు ఒప్పలేదు. పీటర్ దగ్గరికి వెళ్లాడు. పీటర్ సలహా వేరు. ముందు ఊరంతా దండోరా వేయించు, నువ్వు ఎవరెవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నావో వారందరూ వచ్చి తీసుకుపొమ్మని చెప్పించు, అందరికీ తిరిగిచ్చాక మిగిలితే దానం మాట ఆలోచిద్దాం అన్నాడు. అతను అలాగే చేశాడు. అందరికీ ఇచ్చాక కూడా ఇంకా మిగిలింది. అప్పుడు ఆ మిగిలినదాన్ని దానం చేయవచ్చన్నాడు పీటర్.

ఇద్దరూ దైవభీతి కలిగినవారే. ఒకరికి కళ్లముందు కట్టవలసిన గోడ కనిపించింది. మరొకరికి ఆ సొమ్ము వెనుక నిలబడ్డ జనం కనిపించారు.

ఈ రెండో చూపు అందరికీ నచ్చదు. ఇటలీలో పాదువా నగరంలో స్క్రోవెన్యీ కుటుంబం వారు కట్టించిన చిన్న చర్చి ఒకటుంది. 1305 ప్రాంతంలో జొత్తో అనే మహాచిత్రకారుడు దాని గోడలు నింపాడు. తీర్పుదినపు చిత్రంలో ఎన్రికో స్క్రోవెన్యీ తన చర్చి నమూనాను సమర్పిస్తూ నిలబడి ఉంటాడు. తండ్రి తిన్న వడ్డీ పాపానికి అది పరిహారమని చాలామంది భావిస్తారు. కొన్నేళ్లకే కవి దాంతే తన మహాకావ్యంలో ఆ తండ్రిని నరకంలో, మెడలో డబ్బుసంచితో, మండే ఇసుక మీద కూర్చోబెట్టాడు. కొడుకు కట్టిన చర్చి అందం అతన్ని కవి తీర్పు నుంచి తప్పించలేదు. (ఆ కావ్యంలో మన మనసులను తీవ్రంగా గాయపరిచే భాగం కూడా ఉంది. ఇబ్న్ సీనా, ఇబ్న్ రుష్ద్, సలాహుద్దీన్‌లను గౌరవించిన కలమే అదీ రాసింది. దాన్ని దాచాల్సిన పనిలేదు, దాని కోసం వడ్డీ గురించిన మాటను వదులుకోవాల్సిన పనీ లేదు.)

ఇప్పుడు మక్కాకు వద్దాం. ప్రవక్త (స)కు దైవవాణి రాకముందు, ఆయన ముప్ఫై అయిదేళ్ల వయసులో, ఖురైషులు దెబ్బతిన్న కాబా గృహాన్ని తిరిగి కట్టారు. వారు విగ్రహారాధకులు, వారిలో వడ్డీ తిన్నవారు ఎందరో. అయినా అల్లాహ్ గృహానికి ధర్మసమ్మతమైన సంపాదనే వాడాలనీ, వ్యభిచారపు సొమ్ము, వడ్డీ సొమ్ము, దౌర్జన్యంతో గుంజుకున్న సొమ్ము కలపరాదనీ తీర్మానించుకున్నారు. ఏమైంది? డబ్బు చాలలేదు. ఇబ్రాహీమ్ (అలై) వేసిన పునాది మేరకు కట్టలేక, ఒకవైపు కొన్ని మూరల స్థలం వదిలేసి గోడ లేపారు. అదే హతీమ్. మక్కా నగరమంతటి సంపదలో ఒక చిన్న గృహానికి సరిపడా శుద్ధమైన సొమ్ము దొరకలేదంటే ఆ నగరం ఎలా బతుకుతుండేదో ఊహించండి!

తర్వాత ప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో, మీ వాళ్లు ఇంకా ఇస్లాంకు కొత్తవారు కాకపోయుంటే నేను దాన్ని అసలు పునాదుల మీద తిరిగి కట్టించి ఉండేవాడినన్న భావం వ్యక్తం చేశారు. అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) ఒకసారి అలా కట్టించారు కూడా. కొద్ది ఏళ్లకే దాన్ని మళ్లీ ఖురైషుల కొలతకు తెచ్చారు. నేటికీ అంతే. ఎత్తు తక్కువైన అర్ధచంద్రాకారపు గోడ మాత్రమే ఆ స్థలాన్ని చుట్టి ఉంటుంది. హజ్ యాత్రికులు తవాఫ్ దాని బయటి నుంచి చేస్తారు. అందులో నమాజు చేస్తే కాబా లోపల చేసినట్టే. భూమి మీద అన్నింటికంటే పవిత్రమైన కట్టడం డబ్బు చాలక ఆగిన చోట ఆగి ఉంది. ఏ ధనికుడి విరాళమూ దాన్ని పూర్తి చేయలేదు.

మేస్త్రీ ప్రశ్నకు నేను ఆ ఉదయం చెప్పవలసిన మాట ఇదీ అనుకుంటాను. కూలి ఇవ్వకపోవడం కూడా అలా గుంజుకున్న సొమ్ములో చేరేదే. పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తానే ప్రత్యర్థినని అల్లాహ్ హెచ్చరించినట్టు బుఖారీ గ్రంథంలో ఉంది. 'మస్జిదు పని అయితే మినహాయింపు' అని అందులో లేదు. పుణ్యం పేరు చెప్పి కూలి ఎగ్గొట్టిన కమిటీ, తన విరాళాల పుస్తకంలో ఒక పేరు రాయడం మరిచిపోయింది. అక్కడ అత్యధిక మొత్తం ఇచ్చినవాడు ఆ మేస్త్రీయే. ఇష్టపడి ఇవ్వలేదు, అంతే తేడా.

మరి ఆ ఇంట్లో దేవుడు ఉంటాడా? ఆరాధన స్వీకరించడం, స్వీకరించకపోవడం అల్లాహ్ చేతిలోనిది. తెలియక అక్కడ సజ్దా చేసినవాడి నమాజు చెల్లదని నేను అనలేను, అనే అధికారం నాకు లేదు. క్లూనీలో మోకరిల్లిన పేద భక్తుడికి అందలూసియా రైతు గురించి ఏం తెలుసు? కానీ తెలిసినవాడి సంగతి వేరు. లెక్కల పుస్తకం చేతిలో ఉన్నవాడి సంగతి వేరు.

ఇక్కడ నా సంగతీ చెప్పాలి. మా వైపు ఒక పల్లెలో మస్జిదు మరమ్మతు కమిటీలో అప్పటికి నేనూ ఒక సభ్యుణ్ణి. ఫైనాన్సు వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి మినార్ మొత్తం తన ఖర్చుతో కట్టిస్తానన్నాడు. ఆయన వ్యాపారం ఏమిటో అందరికీ తెలుసు. నూటికి అయిదు వడ్డీ కట్టలేక గుంపు మేస్త్రీ వెంట బొంబాయి పోయినవారు ఆ పల్లెలోనే ఉన్నారు. మేం ఎవ్వరం నోరు తెరవలేదు. నేనూ తెరవలేదు. 'మంచి పనికి ఇస్తున్నాడు, కాదంటే మనసు నొచ్చుకుంటాడు' అని నాకు నేను చెప్పుకున్నాను. పారిస్ బిషప్పు కూడా అదే అనుకుని ఉంటాడు.

మన్ననూరు నుంచి తిరిగి వచ్చాక జరిగిన సమావేశంలో రెండు మాటలు అడిగాను. ఇంతకుముందు వజూఖానా కట్టిన తాపీ మేస్త్రీకి మనం ఏమైనా బాకీ ఉన్నామా? ఈ మినార్ సొమ్ము సంగతి ఆలోచించామా? మొదటిదానికి పుస్తకం తీసి చూశారు. బాకీ ఉంది, ఏడాది దాటింది. రెండోదాని మీద పెద్ద గొడవే అయింది. ఊళ్లో మినార్ లేకపోతే పరువు ఏముంటుందని ఒకరు, నీతులు చెప్పేవాళ్లు డబ్బు కూడా తేవాలని మరొకరు. రెండో మాటలో న్యాయం లేకపోలేదు. ఆ పెద్దమనిషి కోపంతో లేచిపోయాడు. ఆయన నాతో ఇప్పటికీ మాట్లాడడు.

మేస్త్రీ బాకీ రెండు విడతల్లో తీర్చారు. మినార్ పిట్టగోడ ఎత్తున ఆగింది. ఇనుప చువ్వలు పైకి పొడుచుకుని ఉన్నాయి, వానకు తుప్పు పట్టకుండా సున్నం పూశారు. కమిటీ ఇంకా ఏదీ తేల్చలేదు.